వేసవిలో భీమిలి ఒడ్డున పిట్టలు, సీతాకోకచిలుకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం దాటి భీమిలి వైపు వెళ్తుంటే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. అక్కడ మొదలుపెట్టి, ఒడ్డు వెంట, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దాకా ఏప్రిల్ నుంచి జూన్ వరకు నేను నడిచే దారి ఇది. నాతో నడిచినవాళ్ళు, రావాలనుకుంటున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవాటికి జవాబులు ఒకచోట పెట్టాను.

పిట్టల్ని చూడ్డానికి చలికాలం మంచిదంటారు కదా, వేసవిలో ఏముంటాయి?

చలికాలంలో ఉండేవి చుట్టాలు. వేసవిలో ఉండేవి ఇంటివాళ్ళు. నవంబరు నుంచి మార్చి దాకా మన ఒడ్డున తిరిగే సముద్రపు కాకులు, రకరకాల ఉల్లంకి పిట్టలు ఎండలు ముదిరేసరికి మధ్య ఆసియాకీ సైబీరియాకీ వెళ్ళిపోతాయి. సంఖ్య చూస్తే తగ్గిన మాట నిజమే. కానీ ఏడాది పొడవునా మన దగ్గరే ఉండే పిట్టలు జతకట్టేదీ, గూడు కట్టేదీ, పిల్లల్ని మేపేదీ ఎక్కువగా ఈ నెలల్లోనే. చలికాలంలో మూగగా ఉండే కోయిల ఇప్పుడు తెల్లవారకముందే గొంతు విప్పుతుంది.

రంగులు కూడా ఇప్పుడే చూడాలి. చేను గట్టు మీద మట్టిరంగులో కలిసిపోయి కూర్చునే గుడ్డి కొంగ వేసవిలో వీపు మీద ముదురు వక్కరంగు వేసుకుంటుంది. పశువుల వెంట తిరిగే తెల్ల కొంగకి తల, మెడ నారింజ రంగుకి మారతాయి. చిన్న తెల్ల కొంగకి వీపు మీద సన్నటి కుచ్చుల్లాంటి ఈకలు వస్తాయి. చలికాలంలో మాత్రమే పిట్టల్ని చూసినవాళ్ళు ఈ మూడింటినీ చూసి "ఇవేవో కొత్త పిట్టలు" అనుకోవడం నాకు చాలాసార్లు అనుభవమే.

ఎంత దూరం నడవాలి? కష్టమా?

ఎర్రమట్టి దిబ్బల నుంచి భీమిలి దాకా సుమారు నాలుగైదు కిలోమీటర్లు. ఆగుతూ, చూస్తూ నడిస్తే మూడు గంటలు పడుతుంది. ఇసుకలో అడుగు దిగబడుతుంది కాబట్టి తారు రోడ్డు లెక్క ఇక్కడ పనికిరాదు. మొత్తం నడవాల్సిన పని కూడా లేదు. దిబ్బల పక్క జీడిమామిడి తోటలు, తాటిచెట్ల దగ్గర ఒక గంట, నదీముఖం దగ్గర ఒక గంట గడిపినా చాలు. మధ్యలో ఆటో ఎక్కితే తప్పేం లేదు.

ఎన్ని గంటలకి బయల్దేరాలి?

మే నెలలో ఇక్కడ సూర్యుడు సుమారు 5.25కే వస్తాడు. అప్పటికి మీరు దారిలో ఉండాలి. పిట్టలకి మొదటి రెండు గంటలూ ముఖ్యం. సీతాకోకచిలుకలు మాత్రం ఎండ కాస్త తగిలాకే లేస్తాయి, ఏడున్నర నుంచి పది దాకా వాటి సమయం. అందుకే నేను ముందు పిట్టలు, తర్వాత సీతాకోకచిలుకలు అని పెట్టుకుంటాను. పది దాటితే ఇంటికి వెళ్ళిపోవాలి. పదకొండింటికి పిట్ట కూడా ముక్కు తెరిచి, నీడలో రొప్పుతూ కూర్చుంటుంది. దానికి లేని పని మనకెందుకు?

సముద్రం వైపు చూస్తే అన్నీ నల్లగా నీడల్లా కనిపిస్తున్నాయి. నా బైనాక్యులర్స్ బాగాలేవా?

బైనాక్యులర్స్ తప్పు కాదు. మనది తూర్పు తీరం. పొద్దున్న సూర్యుడు సముద్రం మీద నుంచి లేస్తాడు, అటు చూస్తే వెలుగు నేరుగా కళ్ళలో పడుతుంది. ఎంత ఖరీదైన అద్దమైనా ఆ వెలుగులో రంగు చూపించలేదు.

ఈ ఒక్క విషయం అర్థమయ్యాక నా నడక మొత్తం మారిపోయింది. పొద్దున్న సముద్రానికి వీపు పెట్టి దిబ్బలు, తోటలు, తుప్పల వైపు చూడాలి. లేత ఎండ నేరుగా వాటి మీద పడుతుంది కాబట్టి ప్రతి ఈకా కనిపిస్తుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత మళ్ళీ వస్తే ఎండ మన వెనక నుంచి పడుతుంది, అప్పుడు సముద్రం వైపు తిరగాలి. నీళ్ళ మీద ఎగిరే టెర్న్‌లు, బండల మీద కొంగలు, నదీముఖంలో నీటికాకులు అప్పుడు తేటగా కనిపిస్తాయి. చాలామంది సముద్రాన్ని చూడ్డానికి వచ్చి పొద్దున్నంతా దానివైపే చూస్తూ, వెనక రెండు గజాల్లో తుప్ప మీద తోక ఎత్తి పాడుతున్న నల్లంచిని చూడకుండా వెళ్ళిపోతారు.

సాయంత్రం వచ్చేవాళ్ళు ఆటుపోట్లు కూడా చూసుకోండి. పాటు సమయంలో నీళ్ళు వెనక్కి వెళ్ళి బండలు బయటపడతాయి, వాటి సందుల్లో చేపల కోసం కొంగలు దిగుతాయి. ఈ సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీళ్ళు ఇంకా బాగా వెనక్కి వెళ్తాయి. పట్టిక చూడ్డం రాకపోతే ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాళ్ళని అడగండి, నిమిషాలతో సహా చెప్తారు.

మొదటిసారి వస్తున్నాను. ఏ పిట్టలతో మొదలుపెట్టాలి?

మీకు ఇప్పటికే తెలిసినవాటితో. కాకి, గోరింక, పిచ్చుక, పావురం: ఈ నాలుగింటి సైజు, నడక, ఎగిరే తీరు బుర్రలో ఉంటే కొత్త పిట్టని "గోరింక కన్నా చిన్నది, పిచ్చుక కన్నా పెద్దది" అని చెప్పగలరు. సగం పని అక్కడే అయిపోతుంది. పక్కనే భీమిలిలో ఒక కొండకి పావురాళ్ళకొండ అని పేరే ఉంది, అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

తర్వాత ఈ దారిలో దాదాపు ప్రతిసారీ కనిపించేవి చెప్తాను. కరెంటు తీగ మీద ఆకుపచ్చగా, తోక చివర సూదిలాంటి ఈకతో కూర్చునేది పసరిక పిట్ట. తీగ మీద నుంచి గాల్లోకి దూకి, తేనెటీగని పట్టుకుని, మళ్ళీ అదే చోటుకి వచ్చి కూర్చుంటుంది. కొండి పోయేదాకా తీగకేసి కొట్టి అప్పుడు మింగుతుంది. ఇవి మట్టిగట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. దిబ్బల దగ్గర నిలువు గోడల్లాంటి మట్టిలో గుండ్రటి కన్నాలు కనిపిస్తే దూరంగా ఉండి చూడండి. లోపల పిల్లలు ఉండొచ్చు.

ఆవు వీపు మీద చీలిన తోకతో నల్లగా నిగనిగలాడుతూ కూర్చునేది పసుల పోలిగాడు. గూడు దగ్గరికి వస్తే గద్దనైనా తరిమేస్తుంది, దాని ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. చెరువు పక్క, నది పక్క నీలి రెక్కలతో, వక్కరంగు తలతో, తెల్లటి గొంతుతో ఉండేది లకుముకి. గోస్తనీ దగ్గర నలుపు తెలుపు లకుముకి కూడా ఉంటుంది. అది నీటి మీద గాల్లోనే ఒకచోట నిలబడి రెక్కలాడిస్తూ, ఒక్కసారిగా తలకిందులుగా దూకుతుంది. పిల్లల్ని తీసుకొస్తే ముందు దీన్నే చూపించండి.

ఎండెక్కుతున్నకొద్దీ చెట్ల పైనుంచి సుత్తితో రాగిచెంబు కొడుతున్నట్టు టుక్ టుక్ టుక్ మని వినిపించేది కంసాలి పిట్ట. కనిపెట్టడం కష్టం, పిట్ట చిన్నది, ఆకుల్లో కలిసిపోయే ఆకుపచ్చ. ఎండిన కొమ్మ చివర వెతకండి.

తాటిచెట్టు గురించి విడిగా చెప్పాలి. ముంజల కోసం ఆగినప్పుడు తల ఎత్తి చూడండి. వేలాడే ఎండుటాకుల కింద నుంచి కొడవలి లాంటి రెక్కలతో రివ్వున వచ్చిపోయేవి తాటిచెట్టు స్విఫ్ట్‌లు. ఎంగిలితో ఈకల్ని ఆకుకి అతికించి గూడు కట్టుకుంటాయి. అదే చెట్టు మట్టల మీద బూడిదరంగులో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వరసగా కూర్చునేవి తాటిపిట్టలు. ఇక జూన్‌లో వానలు పడగానే గిజిగాళ్ళు వచ్చి అదే తాటాకుని చీల్చి గూళ్ళు అల్లడం మొదలుపెడతాయి. ఒక్క చెట్టు కింద అరగంట కూర్చుంటే ఇంత కనిపిస్తుంది.

కోయిల పక్కన చుక్కల చుక్కల పిట్ట ఒకటి ఉంది. అదేమిటి?

అదీ కోయిలే. నల్లగా, ఎర్రటి కళ్ళతో ఉండేది మగది, కుహూ అని పాడేది అదే. గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉండేది ఆడది, కిక్ కిక్ మని గట్టిగా అరుస్తుంది. కాకి గూటి దగ్గర ఈ రెండూ తచ్చాడుతుంటే గుడ్డు పెట్టే ప్రయత్నం జరుగుతోందని అర్థం.

గద్దలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. గరుడ పక్షిని ఎలా గుర్తుపట్టాలి?

తోక చూడండి. మామూలు గద్ద ముదురు గోధుమరంగు, తోక చివర లోపలికి చీలినట్టు ఉంటుంది. గరుడ పక్షి తోక చివర గుండ్రంగా ఉంటుంది. ఒళ్ళంతా ఇటుకరంగు, తల, రొమ్ము తెలుపు కాబట్టి పెద్దదైతే పొరపాటు పడే అవకాశమే లేదు. గరుడ పిల్ల మాత్రం గోధుమరంగులో ఉండి గద్దలాగే కనిపిస్తుంది. అప్పుడు తోక ఒక్కటే ఆధారం. అదృష్టం బాగుంటే వీటన్నిటికన్నా చాలా పెద్దది, కింద తెల్లగా, రెక్కలు కాస్త పైకెత్తి తేలుతూ వెళ్ళేది కనిపిస్తుంది. అది సముద్రపు గద్ద. దాన్ని చూసిన రోజు నాకు వేరే పిట్ట అక్కర్లేదు.

తీతువు అరిస్తే అశుభం అంటారు. మా అమ్మ ఆ పిట్ట పేరెత్తితేనే భయపడుతుంది.

మా ఇంట్లో కూడా అదే మాట. రాత్రి ఇంటి మీదుగా తీతువు అరుస్తూ పోతే పెద్దవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. అది ఎందుకు అరుస్తుందో తెలిశాక నాకు దాని మీద జాలి, గౌరవం తప్ప ఇంకేం మిగల్లేదు.

తీతువు చెట్టు మీద గూడు కట్టదు. మార్చి నుంచి వానాకాలం దాకా బీడు నేల మీద, గులకరాళ్ళ మధ్య చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టిరంగులో మచ్చలతో ఉంటాయి, అడుగు దూరంలో ఉన్నా కనబడవు. కుక్క, నక్క, మనిషి, మేక ఎవరు అటు వచ్చినా దానికి ఉన్న ఆయుధం ఒక్క గొంతే. రాత్రి కూడా మేలుకుని ఉంటుంది కాబట్టి రాత్రీ అరుస్తుంది. మన ఇంటి మీద అరిచిందంటే మన ఇంటికి ఏదో రాబోతోందని కాదు, దాని ఇంటికి ఏదో వచ్చిందని.

వేసవిలో ఈ పిట్ట చేసే పని ఇంకొకటి ఉంది. నడినెత్తిన ఎండలో గుడ్లు ఉడికిపోకుండా తల్లీ తండ్రీ వంతులవారీగా రెక్కల నీడ పట్టి నిలబడతాయి. ఆ తర్వాత దగ్గర్లోని నీటిగుంటకి వెళ్ళి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటాయి. రోహిణి కార్తె ఎండలో ఒకసారి దూరంగా సరుగుడు నీడలో కూర్చుని ఇది చూశాను. గంటలోపు నాలుగుసార్లు వెళ్ళొచ్చింది.

చిన్నప్పుడు విన్న టిట్టిభం కథ గుర్తుందా? సముద్రం ఒడ్డున గుడ్లు పెడితే అలలు ఎత్తుకుపోతాయి, పిట్టలు వెళ్ళి గరుత్మంతుడి దగ్గర మొరపెట్టుకుంటాయి, చివరికి సముద్రమే గుడ్లు తిరిగి ఇచ్చేస్తుంది. ఆ టిట్టిభమే ఈ తీతువు. కథలోని పిట్ట, ఆ పిట్ట మొర విన్న గరుడ, గుడ్లు ఎత్తుకుపోయిన సముద్రం మూడూ ఒకే నడకలో కనిపించే చోటు ఇది. మీ అమ్మగారిని ఒకసారి తీసుకురండి.

సీతాకోకచిలుకలకి తెలుగు పేర్లు ఎందుకు లేవు?

పిట్టలకి మనవాళ్ళు పేర్లు బాగానే పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ అనే ఆంగ్లేయుడు పిట్టలు పట్టేవాళ్ళని అడిగి చాలా తెలుగు పేర్లు రాసి పెట్టాడు, వాటిలో కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. సీతాకోకచిలుకల్ని మాత్రం ఎవరూ తినలేదు, పట్టి అమ్మలేదు, పంటకి లెక్క చూసుకోలేదు. అందుకే కాబోలు అన్నిటికీ కలిపి ఒకటే పేరు మిగిలింది. నేను ఇంగ్లీషు పేర్లే తెలుగు అక్షరాల్లో రాసుకుంటాను.

పేరు లేకపోయినా ఇబ్బంది లేదు. మనకి మొక్కల పేర్లు తెలుసు. ఆడ సీతాకోకచిలుక తన పిల్లలు తినే మొక్క మీదే గుడ్డు పెడుతుంది. కాబట్టి మొక్క తెలిస్తే దాని చుట్టూ ఏది తిరుగుతుందో ముందే చెప్పొచ్చు. జిల్లేడు దగ్గర ప్లెయిన్ టైగర్. నిమ్మ, కరివేపాకు, మారేడు దగ్గర లైమ్, కామన్ మార్మన్. రేల, తంగేడు దగ్గర పసుపు, లేత ఆకుపచ్చ రంగుల ఎమిగ్రెంట్. ఆముదం దగ్గర కామన్ కాస్టర్. ఈశ్వరి తీగ, గాడిదగడపాకు ఉన్నచోట క్రిమ్సన్ రోజ్. ఆదొండ తుప్ప దగ్గర తెల్లటి పయొనీర్. రేగు చుట్టూ నలుపు తెలుపు చుక్కల చిన్నారి పియరో. మామిడి తోటలో బ్యారన్, కొబ్బరి తోటలో పామ్‌ఫ్లై. చెట్టు మీద బదనిక పట్టి ఉంటే తల ఎత్తి చూడండి, రెక్కల కింద పసుపు, ఎరుపు పూసుకున్న జెజెబెల్ అక్కడే ఉంటుంది.

పిట్టని గొంతుతో, సీతాకోకని మొక్కతో పట్టుకోండి. కళ్ళతో వెతకడం ఆ తర్వాత.

జిల్లేడు మీద ఒకేలా ఉన్న రెండు రకాలు చూశాను. తేడా ఏమిటి?

చాలా మంచి ప్రశ్న. ప్లెయిన్ టైగర్ గొంగళి పురుగు జిల్లేడు పాలల్లోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా అది పోదు. ఒకసారి తిని వాంతి చేసుకున్న పిట్ట మళ్ళీ ఆ నారింజరంగు జోలికి పోదు. అందుకే అది భయం లేకుండా నెమ్మదిగా ఎగురుతుంది.

దీన్ని చూసి వేషం వేసుకున్నది ఆడ డానైడ్ ఎగ్‌ఫ్లై. దాని ఒంట్లో అలాంటి రక్షణ లేదు. దాని గొంగళి పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగపాయల కూర. వెనక రెక్క చూస్తే గుట్టు తెలుస్తుంది. ప్లెయిన్ టైగర్‌కి రెక్క మధ్యలో కనీసం మూడు నల్లచుక్కలు ఉంటాయి. వేషధారికి పై అంచున ఒక్కటే. ఇక ఆ ఎగ్‌ఫ్లైలో మగది పూర్తిగా వేరు: నల్ల రెక్కల మీద పెద్ద తెల్లమచ్చలు, వాటి అంచుల్లో నీలిమెరుపు. పక్కపక్కన చూసినా రెండూ ఒకే జాతి అంటే మొదట్లో నేనూ నమ్మలేదు.

కామన్ మార్మన్ కూడా ఇంతే. దాని ఆడవాటిలో కొన్ని రోజ్ సీతాకోకల వేషం వేస్తాయి. ఒళ్ళు చూడండి. ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్.

తడి మట్టి మీద గుంపులుగా ఎందుకు వాలతాయి?

ఉప్పు కోసం. పూల తేనెలో తీపి ఉంటుంది కానీ ఉప్పు ఉండదు. ఎక్కువగా మగవే తడినేల మీద వాలి ఆ లవణాలు పీల్చుకుంటాయి, జతకట్టేటప్పుడు అవి ఆడదానికీ అందుతాయి. బోరు దగ్గర కారిన నీళ్ళు, పశువుల మూత్రం పడ్డ చోటు, గోస్తనీ పక్క బురద బాగుంటాయి. గుంపు కనిపిస్తే పరిగెత్తకండి. మీ నీడ వాటి మీద పడకుండా, సూర్యుడు ఎదురుగా ఉండేలా చుట్టు తిరిగి వెళ్ళి కూర్చోండి. రెండు నిమిషాలు కదలకపోతే చెమట కోసం మీ చేతి మీదే వాలొచ్చు.

ఎండిన నాగదంతి మొక్క మీద టైగర్ సీతాకోకలు, క్రో అనే నల్లటి సీతాకోకలు గుంపుగా వేలాడుతుంటే అది వేరే కథ. ఆ మొక్కలోని రసాయనాలతో మగవి ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకుంటాయి.

మేలో వచ్చాను, సీతాకోకలు పెద్దగా కనబడలేదు.

నిజమే, ముదురు వేసవిలో తగ్గుతాయి. లేత ఆకు లేకపోతే గొంగళి పురుగుకి తిండి లేదు. ఉన్నవి కూడా దాక్కుంటాయి. ప్యాన్సీ జాతి సీతాకోకలకి ఎండాకాలంలో పుట్టినప్పుడు రెక్కల కింది వైపు ఎండుటాకులా ఉంటుంది, రెక్కలు మూసిందంటే ఇక కనిపించదు. సరుగుడు తోటల్లో వెతికి నిరాశపడకండి, అక్కడ నీడ తప్ప తిండి తక్కువ. ఇసుక మీద పాకే బాలబంద తీగ పూలు, గడ్డిచామంతి, తలంబ్రాల పొదలు చూడండి. మామిడికాయలు కోసే రోజుల్లో ఒక గట్టి వాన పడితే, వారం పది రోజులు ఆగి మళ్ళీ రండి.

బైనాక్యులర్స్ కొనాలా? ఏవి?

మొదటి రెండు నడకలకి వద్దు. తర్వాత కొంటే 8x42 తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఇంకా ఎక్కువ రెట్లవి చేతిలో వణుకుతాయి. సీతాకోకలకి కూడా వాడాలంటే రెండు మీటర్ల దగ్గర వస్తువు స్పష్టంగా కనిపిస్తోందో లేదో షాపులోనే చూసుకోండి. ఇంటికి రాగానే ఉప్పుగాలి తుడవాలి. నేను తుడవక ఒక జత పాడుచేసుకున్నాను.

ఫోన్‌లో ఏ యాప్ పెట్టుకోవాలి?

పిట్టలకి మెర్లిన్, లెక్కలు రాసిపెట్టుకోడానికి ఈబర్డ్. సీతాకోకలకి, మొక్కలకి ఐనేచురలిస్ట్. మెర్లిన్ గొంతు విని పేరు చెప్తుంది, కానీ అలల చప్పుడులో తప్పులు చేస్తుంది, కంటితో చూశాకే నమ్మండి. ఫోన్‌లో పిట్ట అరుపు పెట్టి నిజం పిట్టని పిలవడం మాత్రం వేసవిలో అస్సలు చేయొద్దు. తన జాగాలోకి ఇంకొకటి వచ్చిందని గూడు వదిలి వస్తుంది, ఆ ఎండలో గుడ్లకి నీడ పోతుంది.

ఎండకి ఏం జాగ్రత్తలు? పాముల భయం ఉందా?

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, టోపీ, పొడుగు చేతుల చొక్కా. తల తిరిగినా, చెమట పట్టడం ఆగినా నడక ఆపేయాలి, పిట్ట ఎక్కడికీ పోదు.

తుప్పల్లో, జీడిమామిడి తోటల్లో రాలిన ఆకుల్లో రక్తపింజరి ఉండొచ్చు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, అడుగు పెట్టే చోటు చూసుకోండి. దిబ్బల అంచుల మీద నిలబడొద్దు. అది రాయి కాదు, గట్టిపడిన ఎర్ర ఇసుక, ఒక్కసారిగా జారుతుంది. పైగా అది జాతీయ స్థాయిలో గుర్తింపు పొందిన భూవారసత్వ స్థలం, మన అడుగులకే అరిగిపోతుంది. సముద్రంలోకి మోకాలి దాకా కూడా దిగకండి, ఈ ఒడ్డున లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. నేవీ బోర్డులు కనిపించిన చోట కెమెరా, డ్రోన్ బయటికి తీయొద్దు.

గూడు గానీ, కింద పడ్డ పిల్ల గానీ కనిపిస్తే?

గూడైతే ఆగకుండా నడుచుకుంటూ వెళ్ళిపోండి. ఇసుక మీద చిన్న పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు నడిస్తే టెన్షన్ పడకండి, దానికేం కాలేదు. గుడ్ల నుంచి మిమ్మల్ని దూరం తీసుకెళ్ళడానికి అలా చేస్తుంది. వచ్చిన దారినే వెనక్కి అడుగేయండి, కాలి కింద గుడ్లు ఉండొచ్చు.

ఈకలొచ్చిన పిల్ల కింద గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి పక్కనే ఉంటుంది. ఈకలు రాని పిల్లయితే గూట్లో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదన్న మాట నిజం కాదు. ఎండదెబ్బ తిన్న పిట్టని నీడలో పెట్టి పక్కన నీళ్ళ మూకుడు ఉంచండి, నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాయమైతే అటవీశాఖకి చెప్పండి. గుడ్లు, పిల్లలు ఇంటికి తీసుకెళ్ళడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఏప్రిల్ 15 తర్వాత పడవలు ఆగిపోతాయి కదా, పిట్టలు కూడా తగ్గుతాయా?

తూర్పు తీరంలో జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. రేవుల్లో పారేసే చేప ముక్కలు తగ్గుతాయి కాబట్టి అక్కడ మూగే గద్దలు, కాకులు చెల్లాచెదురవుతాయి. తెడ్డు వేసుకుని వెళ్ళే తెప్పలు మాత్రం వస్తూనే ఉంటాయి. తెప్ప ఒడ్డుకి చేరి, ఆడవాళ్ళు వల దులుపుతున్నప్పుడు ఓ పక్కన నిలబడండి. చిన్న తెల్ల కొంగలు వాళ్ళ కాళ్ళ మధ్యే తిరుగుతాయి. ఫోటో తీసేముందు వాళ్ళని అడగడం మర్యాద.

పిల్లలకి ఇంట్లో సీతాకోకని పెంచి చూపించొచ్చా?

తప్పకుండా. పట్టుకురావాల్సిన పని కూడా లేదు. కుండీలో కరివేపాకు మొక్క, మందు కొట్టకుండా ఎండలో పెట్టండి, అదే వస్తుంది. ముందు పిట్టరెట్ట లాంటి పురుగు కనిపిస్తుంది, చంపకండి. తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ము చాచి ఘాటైన వాసన వదులుతుంది. ప్యూపా కట్టాక మన ఎండలకి వారం పది రోజుల్లో సీతాకోక బయటికొస్తుంది. రెక్కలు ఆరేదాకా ముట్టుకోకూడదు. కరివేపాకు పోతుందని బాధపడేవాళ్ళు రెండు మొక్కలు పెట్టుకోండి, ఒకటి మనకి, ఒకటి దానికి.

మాది విశాఖ కాదు. ఇంకెక్కడ నడవొచ్చు?

విజయనగరం జిల్లాలో చంపావతి సముద్రంలో కలిసే కోనాడ, కాకినాడ దగ్గర ఉప్పాడ, బాపట్ల దగ్గర సూర్యలంక. నదీముఖం, తాటిచెట్లు, ఒక తుప్పల బీడు ఉంటే చాలు. పులికాట్, నేలపట్టు చలికాలానికి దాచుకోండి. హైదరాబాద్ వాళ్ళకి సముద్రం లేదు కానీ, ఇందులో చెప్పిన సీతాకోకల్లో చాలావరకు చెరువు గట్టు మీద దొరుకుతాయి.

జూన్‌లో వానలు మొదలయ్యాక రావచ్చా?

రండి. మృగశిర కార్తె వచ్చాక నా నడక ఇంకా ఇష్టంగా సాగుతుంది. జూన్ రెండో వారానికి నైరుతి ఇక్కడికి చేరుతుంది. నలుపు తెలుపు ఒంటితో, తల మీద జుట్టుతో చాతక పక్షి తుప్పల మీద పియూ పియూ అంటూ తిరగడం ఆ రోజుల్లోనే ఎక్కువ. ఒక రోజు వీలైతే శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం పక్క తేలుకుంచి దాకా వెళ్ళండి. నత్తగుల్ల కొంగలు వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద, ఇళ్ళ మధ్యే గూళ్ళు కడతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని ఎవరినీ కొట్టనివ్వరు. అవి వస్తేనే వానలు, పంటలు అని వాళ్ళ నమ్మకం. గొడుగు పట్టుకెళ్ళండి, వానకే కాదు, చెట్టు కింద నిలబడాలంటే రెట్టలకి కూడా కావాలి.